శిక్షణ ఇవ్వబోయే మేనకోడలికి

అమ్మలూ,

టీచర్లకు ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. స్లైడ్లు చేసుకోవడం మొదలుపెట్టకముందే ఇది చదువు.

2020లో బడులు మూసేశాక మూడో తరగతికి ఫోన్‌లోనే తీసివేతలు చెప్పాను. ఇంట్లో సిగ్నల్ అందక లంకలో ఒక పిల్ల రోజూ వాళ్ల నాన్న ఫోన్ పట్టుకుని ఏటిగట్టెక్కి కూర్చునేది. నోట్సు ఫొటోలు పంపేది, అన్నీ రైటే. బడి తెరిచాక నా ఎదురుగా 52లోంచి 17 తీసెయ్యమంటే 45 వేసింది. రెండులోంచి ఏడు పోదు కదా, ఏడులోంచే రెండు తీసేసింది! అన్నాళ్లూ నేను వేసి చూపించినదాన్ని దించి పంపిందంతే. కొబ్బరి ఈనెలు పదేసి చొప్పున ఐదు కట్టలు, విడిగా రెండు దాని ముందు పెట్టి, ఒక కట్ట విప్పమన్నాను. పన్నెండూ లెక్కపెట్టుకుంది. ఏడు పక్కకు తీసింది. ఒక కట్ట నా వైపు జరిపి, ‘ముప్పై అయిదండి మాస్టారూ’ అంది.

టీచర్ల శిక్షణలోనూ అదే తంతు. దీక్ష అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో టీచర్ల శిక్షణకని నిష్ఠ కోర్సులు వచ్చినప్పుడు వీడియో దాని మానాన అది నడుస్తుంటే వంట చేసుకున్నవాళ్లను ఎరుగుదును. సర్టిఫికెట్ వచ్చింది, పాఠం చెప్పే తీరు మారలేదు. వాళ్లను తప్పు పట్టను. నేర్చుకున్నది ఒకసారి చేసి చూపించమని ఎవరూ అడగలేదు.

అలాగని ఆన్‌లైన్ వద్దనను. పంటు మీద గోదావరి దాటి, బస్సులు మారి శిక్షణకు వెళ్లినవాణ్ణి. అర్థం కానిచోట వెనక్కి తిప్పుకుని వినే వీలు అప్పుడెక్కడిది? 2010లో అమెరికా విద్యాశాఖ పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఆన్‌లైన్‌నీ ఎదురుగా చెప్పడాన్నీ కలిపినచోట ఫలితం మెరుగ్గా కనిపించింది. అలాంటిచోట నేర్చుకోవడానికి దొరికిన అదనపు సమయం కూడా అందుకు కారణం కావచ్చని వాళ్లే రాశారు. జాతీయ విద్యా విధానం ఏడాదికి 50 గంటల శిక్షణ అంటోంది. అందులో సగమైనా చేతులతో చేసేదిగా ఉంచు.

వీడియో ఇరవై నిమిషాలు దాటనీకు. ఆ వారమే పాఠం తరగతిలో చెప్పి, పిల్లలు తప్పు చేసిన రెండు లెక్కలు ఫొటో తీసి కాంప్లెక్స్ మీటింగ్‌కు, అదే చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశానికి, తెమ్మను. రైటయినవి వద్దను. ఆ తప్పు ఎక్కడ మొదలైందో అందరూ కలిసి వెతకండి.

మొదటి మీటింగ్‌కి కొబ్బరి ఈనెల కట్టలు నేను పంపిస్తాను.

మావయ్య