మోకాలి ఇంజెక్షన్ కోసం ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాకు 56 ఏళ్లు. నేనూ మా ఆయనా ఇరవై ఏళ్లుగా టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. ఖర్చులన్నీ పోను నెలకు 40 వేల దాకా మిగులుతుంది. రెండేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి, కుడిది మరీ ఎక్కువ. షుగర్ కూడా ఉంది. అరుగుదల ఎక్కువగానే ఉంది, ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి చూద్దాం, చివరికి ఆపరేషన్ తప్పకపోవచ్చు అని ఎముకల డాక్టర్ గారు అన్నారు. ఇంకో క్లినిక్ వాళ్లు స్టెరాయిడ్ వద్దని, రెండు మోకాళ్లకూ జెల్ ఇంజెక్షన్ల ప్యాకేజీ 90 వేలని చెప్పారు. మాకు 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. 14 నెలల కిందట 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ తీసుకున్నాం. మోకాళ్ల నొప్పి సంగతి రాయనక్కర్లేదని అప్పుడు ఏజెంట్ అన్నాడు. ఎఫ్‌డీ తీసి ప్యాకేజీ కట్టాలా? స్టెరాయిడ్‌తో నెట్టుకురావాలా? ఆపరేషన్‌కు పాలసీ డబ్బులిస్తుందా?

జవాబు: అమ్మా, ఇంజెక్షన్ వేయించుకోవాలా వద్దా అన్నది మీ డాక్టర్ గారు తేల్చాల్సిన విషయం. నేను డబ్బు లెక్క చూసేవాణ్ని. కానీ ఆ మందు ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలియకుండా ఈ లెక్క కుదరదు కాబట్టి, అదీ కొంచెం చెబుతాను. ఎఫ్‌డీ మాత్రం ప్యాకేజీకి తీయకండి. దానికి వేరే పని ఉంది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌లో మందు ధర వందల్లోనే. డాక్టర్ ఫీజు, వేసినందుకు చార్జీ, స్కాన్‌లో చూస్తూ వేస్తే ఆ ఖర్చు కలిపినా కొన్ని వేలతో అయిపోతుంది. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొస్తారు. అందుకే మామూలు పాలసీలు దీన్ని ఓపీ చికిత్సగా చూస్తాయి, డబ్బివ్వవు. ఈ ఖర్చు మీ చేతి నుంచే పెట్టుకోవాలి, మీ ఆదాయానికి అది భారం కాదు.

ఇక అది ఎన్నాళ్లు పనిచేస్తుంది? బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2 నుంచి 10 వారాలని ఉంది. మిగతావి పనిచేయనప్పుడు, లేదా నొప్పి తగ్గించి వ్యాయామం మొదలుపెట్టించడానికి దీన్ని వాడొచ్చని కూడా రాశారు. డాక్టర్లు మామూలుగా ఒకే కీలుకు మూడు నెలల ఎడం లేకుండా మళ్లీ వేయరు. అలా అని మూడు నెలలకోసారి వేయించుకుంటూ పోవడమూ మంచిది కాదు. అమెరికాలో 140 మంది మోకాళ్ల నొప్పి రోగుల మీద రెండేళ్ల పాటు చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. సగం మందికి 12 వారాలకోసారి స్టెరాయిడ్, మిగతా సగానికి ఉత్త సెలైన్ వేశారు. రెండేళ్ల తర్వాత చూస్తే నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్టెరాయిడ్ వేసినవాళ్లకే మోకాలి గుజ్జు ఎక్కువ అరిగింది. కాబట్టి అడుగు తీసి అడుగు వేయలేని రోజుల్లో ఒకసారి ఆదుకునే మందు ఇది. ఏడాదికి నాలుగుసార్లని బడ్జెట్‌లో రాసుకునేది కాదు. మీకు షుగర్ ఉంది కాబట్టి, వేశాక కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఆ మాట ముందే డాక్టర్ గారితో చెప్పి, ఆ వారం రోజులూ ఇంట్లో చూసుకోవడానికి స్ట్రిప్పులు కొనిపెట్టుకోండి.

జెల్ ప్యాకేజీ సంగతి. అది హైలురోనిక్ యాసిడ్. కీళ్ల అరుగుదలకు (ఆస్టియో ఆర్థరైటిస్) దీన్ని ఇవ్వొద్దని అదే నైస్ చెప్పింది. మామూలు వాడకానికి సిఫార్సు చేయబోమని అమెరికా ఎముకల సర్జన్ల అకాడమీ కూడా 2021లో చెప్పింది. కొందరికి గుణం కనిపించిందంటే నేను కాదనను. కానీ 90 వేలంటే మీ రెండు నెలల మిగులుకు పైమాటే. ఇంత అనుమానం ఉన్న దానికి అంత డబ్బు ఒకేసారి ముందే కట్టమంటే, నా దగ్గరికొచ్చే ఎవరికైనా వద్దనే చెబుతాను.

ఇది మా ఇంట్లో జరిగిందే. కొన్నేళ్ల కిందట మా అమ్మకు ఒక క్లినిక్‌లో ఇలాంటి ప్యాకేజీకే 70 వేలు కట్టాను. నెలన్నర బాగానే తిరిగింది. తర్వాత మళ్లీ గోడ పట్టుకుని, పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగడం మొదలుపెట్టింది. బిల్లులన్నీ చీరల షాపు కవర్లో దాచింది. క్లెయిమ్ పెడితే ఓపీ చికిత్స, వర్తించదు అని రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. డబ్బు పోయినందుకు కాదు, ఆ 70 వేలతో ఇంటి పనికి ఒక మనిషిని పెట్టి అమ్మ మోకాళ్లకు విశ్రాంతి ఇవ్వాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, పాలసీకి. పాలసీ పుస్తకంలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వడానికి ముందు ఆగాల్సిన గడువు, అన్న భాగం తీయండి. కీళ్ల మార్పిడికి చాలా పాలసీల్లో 24 నెలలు ఉంటుంది, కొన్నింటిలో 36. ఇది కాక, పాలసీకి ముందే ఉన్న జబ్బుకు వేరే గడువు ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం అది 36 నెలలు దాటకూడదు. రెండింటిలో ఏది పెద్దదైతే దాన్నే లెక్కేస్తారు. మీ నొప్పి రెండేళ్లది, పాలసీ 14 నెలలది. అంటే మీకు 36 నెలలే అనుకోండి. ఇంకా 22 నెలలు ఉన్నాయి.

ఏజెంట్ రాయొద్దన్నది పెద్ద పొరపాటు. క్లెయిమ్ వచ్చిన రోజు కంపెనీ పాత చీటీలు అడుగుతుంది. డాక్టర్ గారి మొదటి చీటీ మీద ‘రెండేళ్లుగా మోకాళ్ల నొప్పి’ అని ఒక్క ముక్క ఉంటే చాలు, జబ్బు దాచారని క్లెయిమ్ ఆపేస్తారు. పాలసీ 60 నెలలు నడిచాక, మోసం అని రుజువు చేస్తే తప్ప దాచారన్న కారణంతో కంపెనీ క్లెయిమ్ కాదనకూడదు. కానీ మీ మోకాళ్లు అన్నాళ్లు ఆగేలా లేవు. కాబట్టి ఈ వారమే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. నొప్పి ఎప్పటి నుంచి ఉందో, ఏ డాక్టర్‌కు చూపించుకున్నారో, షుగర్ సంగతి అప్పుడు రాశారో లేదో, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాయండి. వాళ్లు ప్రీమియం పెంచవచ్చు, వెయిటింగ్ పెట్టవచ్చు, పాలసీ రద్దు చేసే ప్రమాదమూ ఉంది. అది మీకు ముందే చెప్పడం నా బాధ్యత. అయినా ఆపరేషన్ బల్ల మీదికి వెళ్లే రోజు తెలిసేకంటే ఈ రోజు తెలియడమే మీకు మేలు. రెన్యువల్ మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వకండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు కాబట్టి ఆ మేరకు కాస్త వెసులుబాటు ఉంటుంది.

ఈ 22 నెలల్లో ఇంకో లెక్క ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. స్టెరాయిడ్ వేసిన మూడు నెలల లోపు అదే మోకాలికి కీలు మార్పిడి చేస్తే ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుందని సర్జన్లు ఆపరేషన్ వాయిదా వేస్తారు. పాలసీ గడువు తీరడానికి నెల ముందు ఇంజెక్షన్ వేయించుకుంటే, ఆపరేషన్ ఆ మేరకు వెనక్కి పోతుంది. అందుకని ఆఖరి ఇంజెక్షన్ ఎప్పుడన్నది పాలసీ తారీఖు చూసుకుని డాక్టర్ గారితో మాట్లాడుకోండి.

ప్రైవేటులో ఒక మోకాలి ఆపరేషన్‌కు ఆసుపత్రిని బట్టి సుమారు లక్షన్నర నుంచి మూడు లక్షలు, పెద్దచోట్ల ఇంకా ఎక్కువ. రెండు మోకాళ్లూ ఒకే పాలసీ ఏడాదిలో అయితే 5 లక్షలు చాలకపోవచ్చు. గది అద్దెకు పరిమితి ఉందేమో కూడా చూడండి. పరిమితి దాటిన గదిలో చేరితే అద్దె ఒక్కటే కాదు, మిగతా బిల్లులోనూ కోత పడుతుంది. లోపల వేసే కీలు ధరకు కేంద్రం 2017 ఆగస్టులో పైహద్దు పెట్టింది. ఎక్కువమందికి వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు పెట్టిన హద్దు 54,720 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇప్పటి హద్దు ఎంతో ఆసుపత్రిలో అడిగి, ఇంప్లాంట్ స్టిక్కర్ బిల్లుకు అంటించమనండి.

మీకు తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, మీ వయసుకు, మీ ఎక్స్‌రేకు మోకాలి మార్పిడికి అనుమతి వస్తుందేమో అడగండి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆ పథకం పరిమితి ఏడాదికి 10 లక్షలు. నొప్పి 22 నెలలు ఆగనంటే మీకు మొదటి దారి ఇదే.

ఇక ఎఫ్‌డీ పని ఏమిటో చెబుతాను. ఆపరేషన్ డబ్బు పాలసీ ఇచ్చినా, ఆ తర్వాత మీరు పొయ్యి దగ్గర నిలబడలేని నెలలకు ఎవరూ ఇవ్వరు. పెనం ముందు నాలుగు గంటలు నిలబడాలంటే మూడు నెలలైనా పడుతుందనుకోండి. దోశ మాస్టర్‌కు నెలకు 18 వేలు వేసుకుంటే 54 వేలు. కొత్త చేతి రుచికి కొన్నాళ్లు గిరాకీ తగ్గుతుంది, ఫిజియోథెరపీ ఉంటుంది, పాలసీ ఇవ్వని చిల్లర ఖర్చులుంటాయి. రెండో మోకాలికి ఇదంతా మళ్లీ మొదలు. ఈ 4 లక్షలు అందుకు. మధ్యలో అత్యవసరమైతే ఎఫ్‌డీ రద్దు చేయకుండా దాని మీదే లోన్ తీసుకోండి, చాలా బ్యాంకుల్లో ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటీ రెండు శాతమే ఎక్కువ. దీనితో పాటు నెలకు 5 వేలు ఆర్‌డీ మొదలుపెడితే 22 నెలలకు లక్షా పది వేలు, వడ్డీ వేరే.

ప్యాకేజీకి కడదామనుకున్న డబ్బులో కొంత మాత్రం ఇప్పుడే ఖర్చు పెట్టమంటాను. పొద్దున రద్దీ వేళకు ఒక సహాయకుణ్ని పెట్టుకోండి. ఫిజియోథెరపిస్టు దగ్గర తొడ కండరాల వ్యాయామం నేర్చుకోండి. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గే ఆ కొన్ని వారాలే దీనికి అదను. బరువు ఒక్క కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగు కిలోల దాకా తగ్గుతుంది. పెనం ఎత్తుకు సరిపోయే స్టూలు ఒకటి వడ్రంగి దగ్గర చేయించండి, కూర్చున్నా చేయి పెనం అవతలి అంచు దాకా అందాలి. ఆయన కొలతలు తీసుకునేటప్పుడు మీరు అక్కడే ఉండండి.