తీరరేఖ గీసే ముందు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మెరీనా నుంచి ఎన్నూరు దాకా ఇసుక తీరం ఎలా మారుతోందో ఉపగ్రహ చిత్రాలతో పటాలు గీసే పనిలో చేరావని తెలిసి ఎంతో సంతోషించాను. ఏళ్ల తరబడి సర్వే పని చేసినవాడిగా నేను చెప్పదలచింది ఒక్కటే: రెండు చిత్రాల్లోని నీటి అంచుల మధ్య కనిపించే తేడానంతా కోత అనో మేట అనో తొందరపడి తేల్చవద్దు.

ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో పిక్సెల్, అంటే చిత్రంలోని ఒక్కో చిన్న గడి, నేల మీద 30 మీటర్లు, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రంలో 10 మీటర్లు కనుక, ఐదారు మీటర్ల తేడాను ఒక్క జత చిత్రాలతో నమ్మలేము. దానికి ఆటుపోట్లు తోడవుతాయి. పది మీటర్లకు ఒక మీటరు వాలున్న చోట నీటిమట్టం అర మీటరు పెరిగితే, ఇసుక ఏమాత్రం కదలకుండానే అంచు ఐదు మీటర్లు లోపలికి వస్తుంది. అందుచేత చిత్రం తీసిన తేదీతో పాటు సమయాన్నీ రాసుకుని, అప్పటి నీటిమట్టాన్ని బట్టి రేఖను సరిదిద్దుకో. మన తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి తరలుతుంది కాబట్టి, ఏటా ఒకే నెల చిత్రాలను పోల్చడం తప్పనిసరి. ఆకాశం తేటగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలలు ఇందుకు అనువైనవి.

ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లే ఇసుకే ఎక్కువ. దానిని 19వ శతాబ్దం చివరలో కట్టిన హార్బరు గోడలు అడ్డుకోవడం వల్లనే మెరీనా అంత వెడల్పుగా మేట వేసింది, హార్బరుకు ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. ఇలాంటి తీరానికి ఒకే సగటు చెబితే మెరీనాకు కలిసివచ్చిన ఇసుక రాయపురం వాసుల కష్టాన్ని కప్పేస్తుంది. అది నాకు అన్యాయంగా తోస్తుంది. తీరానికి అడ్డంగా 50 మీటర్లకొక గీత గీసి, ఒక్కో గీత మీద మార్పు వేగాన్ని విడిగా లెక్కకట్టు. అమెరికా జియలాజికల్ సర్వే ఉచితంగా ఇచ్చే డీఎస్‌ఏఎస్ సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. మొదటి, చివరి ఏళ్ల తీరరేఖలను మాత్రమే చూసే పద్ధతిలో తుపాను తర్వాతి చిత్రం ఒక్కటి చాలు, ఫలితం తారుమారవుతుంది. అన్ని ఏళ్ల తీరరేఖలనూ కలుపుకొని మార్పు ధోరణిని లెక్కగట్టే రిగ్రెషన్ అనే గణాంక పద్ధతినే వాడు. అయితే మధ్యలో రాళ్ల కట్టలు వేసిన చోట కట్టకు ముందు కాలాన్ని, తర్వాతి కాలాన్ని వేరు చెయ్యి.

పల్లికరణైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు దేశ తీరాన్ని పరిశీలించి, దాదాపు మూడోవంతు కోతకు గురవుతోందని తేల్చింది. నీ ఫలితాలను వారి పటాలతో పోల్చు. తేడా వచ్చిన గీతల దగ్గరకు జీపీఎస్ పట్టుకుని స్వయంగా వెళ్లి కొలిచి, నివేదికలో ప్రతి అంకె పక్కన అది ఎన్ని మీటర్లు అటూ ఇటూ కావచ్చునో తప్పక రాయి.

ఇట్లు,
మీ మామయ్య