టెక్ సందేహాలు: సెన్సర్ పాడవలేదు, ఫోన్ పట్టేసుకుంది

నల్లగొండ రామగిరి నుంచి ఒక పాఠకుడు: "పొద్దున్నే పానగల్ చెరువు దాకా సైకిల్ తొక్కేవాణ్ని. ఎండలు ముదిరాక ఇంట్లోనే ట్రైనర్‌కు (సైకిల్‌ను కదలకుండా పట్టి ఉంచే స్టాండుకు) సైకిల్ బిగించి, ఇండోర్ సైక్లింగ్ యాప్ జ్విఫ్ట్ మొదలుపెట్టాను. స్పీడ్, కేడెన్స్ (పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పే) సెన్సర్లు, గుండె వేగం కొలిచే ఛాతీ పట్టీ... మూడూ ఫోన్‌లో పెయిర్ చేశాను. లాప్‌టాప్‌లో జ్విఫ్ట్ తెరిస్తే ఒక్కటీ కనిపించదు. స్పీడ్ అయితే ఫోన్‌లోనూ సున్నానే. సెన్సర్లు మార్చాలా?"

ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టకండి. ముందు ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మూడింటికీ 'ఫర్గెట్' కొట్టండి. ఇయర్‌ఫోన్స్‌తో అలవాటై అందరం ముందు అక్కడికే పోతాం. సైకిల్ సెన్సర్లను మాత్రం సెట్టింగ్స్‌లో పెయిర్ చేయకూడదు. తొక్కేటప్పుడు ఏ యాప్ వాడతామో ఆ యాప్ లోపలి నుంచే వెతికి కలపాలి.

ఈ సెన్సర్లలో చాలావాటికి వైర్‌లెస్‌గా మాట్లాడే రెండు భాషలు వచ్చు: యాంట్ ప్లస్, బ్లూటూత్. యాంట్ ప్లస్ గుడి మైకు లాంటిది, చెవి ఉన్న ప్రతివాడికీ వినిపిస్తుంది. బ్లూటూత్ పాతకాలం ల్యాండ్‌లైన్. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారికి ఎంగేజ్ టోనే. ఇద్దరు ముగ్గురితో ఒకేసారి మాట్లాడే కొత్త మోడళ్లూ ఉన్నాయి గానీ, చవకవాటిలో ఎక్కువగా ఒకటే లైను. మీ ఫోన్ ఆ లైను పట్టుకుని కూర్చుంది, లాప్‌టాప్‌కు అందడం లేదు.

నేనూ ఇలాగే ఒక ఆదివారం పొద్దంతా పోగొట్టుకున్నాను. సెన్సర్‌లో బ్యాటరీ మార్చాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను, సెన్సర్ కంపెనీని నాలుగు తిట్లు కూడా తిట్టాను. తీరా చూస్తే, పక్క గదిలో చార్జింగ్‌కు పెట్టిన నా పాత ఫోన్‌లో ఆ సెన్సర్ తాలూకు యాప్ నడుస్తూనే ఉంది! అందుకే తొక్కే ముందు ఇంట్లో ఉన్న ప్రతి ఫోన్, ట్యాబ్, వాచీ ఒకసారి చూసుకోండి.

ఇక స్పీడ్ సున్నా సంగతి. సెన్సర్ ముందు చక్రం హబ్‌కు (చక్రం నడిమధ్య భాగానికి) కట్టి ఉంటుంది, అవునా? రోడ్డు మీద రెండు చక్రాలూ తిరుగుతాయి, ట్రైనర్ మీద వెనకదే తిరుగుతుంది. రబ్బరు బ్యాండు విప్పి వెనక హబ్‌కు కట్టండి. కాసేపు కదలకపోతే ఇవి నిద్రపోతాయి కాబట్టి, పెడల్ నాలుగు చుట్లు తిప్పాకే యాప్‌లో వెతకండి. ఛాతీ పట్టీ లోపలివైపున్న మెత్తటి భాగాలను నీళ్లతో తడిపి పెట్టుకోండి. మన ఎండాకాలపు పొడిగాలిలో, చెమట పట్టేదాకా అది గుండెను సరిగ్గా అందుకోదు.

రేపు లాప్‌టాప్ వదిలి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే తొక్కాలనుకుంటే ఇంకో మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 12, ఆ పైవాటిలో యాప్‌కు 'నియర్‌బై డివైజెస్' అనుమతి ఇవ్వాలి. అంతకు ముందువాటిలో అయితే లొకేషన్ ఆన్‌లో ఉండాలి.

జడ్చర్ల నుంచి: "నాది 26 అంగుళాల గేర్ సైకిల్. యాప్‌లో స్పీడ్ ఎక్కువ చూపిస్తోందని అనుమానం."

మీ అనుమానం నిజమే అయి ఉంటుంది. సెన్సర్‌కు కిలోమీటర్లు తెలియవు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టడమే తెలుసు. చుట్టుకు ఎంత దూరమో యాప్‌కు మనమే చెప్పాలి. రోడ్డు సైకిళ్లకుండే 700×25 టైరు చుట్టుకొలత దాదాపు 2105 మిల్లీమీటర్లు, 26×1.95కు 2050. మీ యాప్ మొదటిదే అనుకుంటే, 30 తొక్కినప్పుడు 30.8 చూపిస్తుంది. పట్టికలను నమ్మడం కన్నా కొలుచుకోవడం మేలు. గాలి కొట్టే వాల్వు కిందికి వచ్చినప్పుడు నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. సైకిల్ మీద కూర్చునే, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా ముందుకు కదిలి రెండో గీత గీయండి. మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. అన్నట్టు, తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటర్ లేనివాళ్లకు జ్విఫ్ట్ ఈ స్పీడ్ నుంచే వాట్లు అంచనా కడుతుంది. కాబట్టి టైరులో గాలి, టైరుకు ఆనే ట్రైనర్ రోలర్ బిగింపు రోజూ ఒకేలా ఉండాలి. లేదంటే నిన్నటి వాట్లకూ నేటివాటికీ పొంతన కుదరదు.

మహబూబ్‌నగర్ నుంచి: "లాప్‌టాప్‌కు యాంట్ ప్లస్ డాంగిల్ (సిగ్నల్ అందుకునే చిన్న యూఎస్‌బీ ముక్క) పెట్టాను. కూలర్ పక్కనే స్టూలు మీద లాప్‌టాప్. ఐదు నిమిషాలకోసారి సిగ్నల్ తెగిపోతోంది."

డాంగిల్ పక్క పోర్టులో హార్డ్ డిస్క్ ఏమైనా ఉందా? యూఎస్‌బీ 3.0 పరికరాలు నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. యాంట్ ప్లస్, బ్లూటూత్ రెండూ పనిచేసేది అక్కడే. ఇంటెల్ 2012లోనే ఈ గోల గురించి ఒక పత్రం వెలువరించింది. పైగా మధ్యలో ఇనప కూలర్, దానికి తోడు మీ ఒళ్లు. నీళ్లతో నిండిన మనిషి కూడా ఈ సిగ్నల్‌కు గోడే. మీటరున్నర యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ను పెడల్ దగ్గర నేల మీదికి దించండి. చెమట మాత్రం దాని మీద కారకుండా కాస్త పక్కకు పెట్టండి.