కొత్త డీజిల్ ట్రక్ మొరాయిస్తే

అమెరికాలో కొత్తగా కొన్న డీజిల్ పికప్ ట్రక్‌లో చెక్ ఇంజన్ లైట్ వెలిగినా, బండి సరిగ్గా లాగకపోయినా దయచేసి లోపాన్ని చెప్పే కోడ్ చెరిపేయకండి. స్టీరింగ్ కింద, బండి కంప్యూటర్‌ని చదవడానికి ఉండే ఓబీడీ పోర్ట్‌కి కోడ్ రీడర్ తగిలించి, కోడ్‌ని ఫోటో తీసి ఊరుకోండి. చెరిపేస్తే లోపం వచ్చిన క్షణంలో ఇంజన్ వేడి, ఆర్‌పీఎం ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న లెక్కా పోతుంది. డీలర్ దగ్గర చూపించడానికి ఏమీ మిగలదు. ఆయిల్ ప్రెజర్ లైటు ఎర్రగా వెలిగితే మాత్రం కోడ్ సంగతి తర్వాత, వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపండి.

కొత్తగా వచ్చినవాళ్లు పొరబడేది బంకులో. ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలు. డీజిల్ పైపు పిడి చాలాచోట్ల ఆకుపచ్చగా ఉంటుంది, కొన్ని బంకుల్లో పెట్రోలుదే ఆకుపచ్చ. రంగు చూసి కాదు, అక్షరాలు చదివి పట్టండి. డీజిల్ ట్యాంకులో పెట్రోలు గానీ, నీలం మూత ఉన్న ట్యాంకులో పోయాల్సిన డీఈఎఫ్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే యూరియా ద్రవం) గానీ పడిందా, తాళం కూడా తిప్పకుండా టో చేయించండి. హై ప్రెజర్ పంపుకి డీజిలే కందెన. పెట్రోలుకి ఆ జిడ్డు లేదు కాబట్టి పంపు అరిగి, ఆ లోహపు రజను ఇంజెక్టర్లలోకి పోతుంది. తప్పు ఇంధనం వల్ల వచ్చిన రిపేరుకి వారంటీ వర్తించదు.

ఆఫీసుకీ ఇంటికీ మధ్య నాలుగు మైళ్లే తిరిగే ట్రక్‌కి ఎక్కువగా వచ్చే జబ్బు డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, మూసుకుపోవడం. పీ2463 కోడ్ అదే. ఫిల్టర్‌లోని మసి కాలాలంటే బాగా వేడెక్కాలి, ఆ వేడి ఫ్రీవే మీద ఆగకుండా అరగంట నడిపితే వస్తుంది. మసి కాలేటప్పుడు ఐడిల్ (బండి నిలిచి ఉన్నప్పటి ఇంజన్ వేగం) పెరుగుతుంది, వేడి వాసన వస్తుంది. అప్పుడు ఇంజన్ ఆపకండి, ఎండుగడ్డి మీద నిలపకండి. పదేపదే మధ్యలో ఆపితే కాలని డీజిల్ ఆయిల్‌లోకి జారుతుంది. చదునైన చోట ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. మట్టం పై గీత దాటి, డీజిల్ వాసన కొడితే ఆయిల్ పలచబడినట్టే, బేరింగులకి ముప్పు. వెంటనే మార్పించాలి. ఎవరైనా డీపీఎఫ్ పీకేద్దామంటే వినకండి, అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం.

డీలర్ దగ్గరికి వెళ్లేముందు రోడ్డు భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో మీ బండి 17 అక్షరాల విన్ (గుర్తింపు నంబరు) కొట్టి రీకాల్ (కంపెనీయే ఉచితంగా సరిచేసే లోపం) ఉందేమో చూడండి. వెళ్లిన ప్రతిసారీ, లోపం కనబడలేదని వాళ్లు తేల్చినా సరే, రిపేర్ ఆర్డర్ కాగితం అడిగి తీసుకోండి. అందులో మీరు చెప్పిన లక్షణం మీ మాటల్లోనే ఉండాలి. తేదీ, మైళ్లు, బండి వాళ్ల దగ్గరున్న రోజులు ఉండాలి. రేపు మీ రాష్ట్రపు లెమన్ లా (పదేపదే పాడయ్యే కొత్త బండి కొన్నవాళ్లకి రక్షణ ఇచ్చే చట్టం) కింద అడగాల్సి వస్తే ఎన్నిసార్లు బాగుచేశారు, ఎన్ని రోజులు ఆపారు అన్నదే లెక్క. ఆయిల్ బయట మార్పించినంత మాత్రాన వారంటీ పోదు, వారంటీలపై 1975 నాటి మాగ్నసన్ మాస్ ఫెడరల్ చట్టం మీకు అండ. ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో చెప్పిన రకమే వాడి, రసీదులు దాచుకోండి.