అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్: జీన్ టెస్ట్ రిపోర్ట్ వచ్చేదాకా ఆగాలా, వెంటనే కీమో మొదలుపెట్టాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. జడ్చర్ల దగ్గర ఊళ్ళో ఉండే మీ అమ్మగారు ఎన్నడూ బీడీ, చుట్ట ముట్టలేదు. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది, ముక్క పరీక్షలో (బయాప్సీ) ఎడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని వచ్చింది, నాలుగో స్టేజ్ అన్నారు. జీన్ టెస్ట్ రిపోర్ట్‌కు ఇంకో రెండు వారాలు పడుతుంది. ఈలోగా బంధువులు "ఇంకా ఎందుకు ఆలస్యం, కీమో ఎక్కించండి" అంటున్నారు. ముక్క తీయడం వల్లే జబ్బు పాకిందని ఒకరు, బీడీలు తాగే మీ నాన్నగారికి కూడా స్కాన్ తీయించమని మరొకరు అంటున్నారు.

నేను డాక్టర్‌ను కాను. మాది దేవరకొండ వైపు ఊరు, నల్లగొండలో టీచర్‌గా చేస్తున్నాను. మా అమ్మకు 2022లో ఇదే జబ్బు బయటపడింది. అప్పటి నుంచి ఆమె ఫైలు మోస్తూ తిరిగింది నేనే. నేను చూసింది, అమ్మను చూసే డాక్టర్లను నేను పదే పదే అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు మీ అసలు ప్రశ్నకు జవాబు: అమ్మగారు కూర్చుని మాట్లాడగలుగుతుంటే, ఆయాసం అదుపులో ఉంటే, రిపోర్ట్ కోసం ఆగండి. ఆ రెండు వారాలు వృథా కావు. మాకు నిజంగా వృథా అయిన కాలం వేరే ఉంది.

మా అమ్మకు 2021 చివర్లో దగ్గు మొదలైంది. ఎక్స్‌రేలో కుడివైపు మచ్చ, కింద నీరు కనబడ్డాయి. మన దగ్గర దగ్గు, నీరు, బరువు తగ్గడం అనగానే అందరికీ మొదట తట్టేది టీబీ. తెమడ పరీక్షలో టీబీ క్రిమి కనబడలేదు. అయినా ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టారు. మూత్రం ఎర్రగా వస్తుంటే "మందు పని చేస్తున్నట్టుంది బిడ్డా" అనేది అమ్మ. అది మందు రంగే తప్ప జబ్బు తగ్గుతున్న గుర్తు కాదని తర్వాత తెలిసింది. అట్లా ఐదు నెలలు మింగింది. మచ్చ తగ్గలేదు, పెరిగింది. ఆ ఆసుపత్రి పేరు నేను రాయను, ఆ డాక్టర్ మీద కోపం కూడా పెట్టుకోలేదు. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ళలో చాలామంది ముందు టీబీ మందులు వాడినవాళ్ళే. కానీ ఇది చదువుతున్న మిగతావాళ్ళకు ఒక్క మాట: తెమడ పరీక్షలో, సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును మెషిన్‌తో పట్టే) పరీక్షలో టీబీ రుజువు కాకుండా మందులు మొదలుపెడితే, రెండు నెలలకు మళ్ళీ ఎక్స్‌రే తీయించండి. తగ్గకపోతే సీటీ స్కాన్, ముక్క పరీక్ష అడగండి. ఆరు నెలల కోర్సు పూర్తయ్యేదాకా చూడకండి.

ఇంకో తప్పు కూడా జరిగింది. మొదటిసారి అమ్మ ఊపిరితిత్తి చుట్టూ ఉన్న నీరు తీసినప్పుడు ఏడీఏ అనే ఒక్క పరీక్షకు కొంచెం పంపి, మిగతాది పారబోశారు. లీటరు పైనే ఉంటుంది. టీబీ నీటిలో ఏడీఏ ఎక్కువగా ఉంటుంది, అందుకే ఆ పరీక్ష. కానీ అదే నీటిలో క్యాన్సర్ కణాలు ఉండొచ్చు. వాటిని నీటి నుంచి వేరుచేసి, మైనంలో పోసి బిళ్ళలాగా చేస్తారు. సెల్ బ్లాక్ అంటారు. మామూలు ముక్క మీద చేసే పరీక్షల్లో చాలావరకు దాని మీద కూడా చేయవచ్చు. మీ అమ్మగారికి మళ్ళీ నీరు తీస్తే ఒక్క చుక్క కూడా పారబోయనీయకండి. "సెల్ బ్లాక్‌కు పంపండి" అని నోటితో చెప్పడమే కాదు, చీటీ మీద కూడా రాయించండి.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో వినండి. 2022 జూన్‌లో సీటీ చూస్తూ సూదితో ముక్క తీశారు. హైదరాబాద్‌లో స్లైడ్లు, బ్లాక్ మా చేతికి ఇచ్చారు. బ్లాక్ అంటే బొటనవేలి గోరంత మైనం బిళ్ళ, దాని మధ్యలో దారప్పోగు ముక్కలాంటి బూడిదరంగు గీత. మా అమ్మ జబ్బు మొత్తం ఆ గీతలో ఉంది. ఎండకు మైనం కరుగుతుందేమోనని టెన్షన్ పడి, దాన్ని చేతి రుమాలులో చుట్టి, స్టీల్ టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఆటోలో ఇంకో ల్యాబ్‌కు తీసుకెళ్ళాను. పదకొండు రోజులు ఎదురుచూశాక ల్యాబ్ వాళ్ళు ఫోన్ చేసి "ముక్క సరిపోలేదు, పరీక్ష చేయలేకపోయాం" అన్నారు. ఇది ఏ రకం క్యాన్సర్ అని తేల్చడానికి అంతకుముందే పలుచగా కోసి రకరకాల రంగులు వేసి చూశారు, అందులోనే అయిపోయింది. మళ్ళీ సూది గుచ్చాలి అంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇంకెన్ని సూదులు గుచ్చుతరు బిడ్డా" అని అడిగింది. అదృష్టం కొద్దీ అప్పటికి మళ్ళీ నీరు చేరింది. ఈసారి తీసిన నీటితో సెల్ బ్లాక్ చేశారు. దాని మీదే రిపోర్ట్ వచ్చింది: ఈజీఎఫ్ఆర్ జీన్‌లో ఎగ్జాన్ 19 డిలీషన్, అంటే ఆ జీన్‌లో ఒక చిన్న భాగం ఎగిరిపోయిన మార్పు.

ఆ ఒక్క వాక్యం మా అమ్మ వైద్యాన్ని మార్చేసింది. ఈజీఎఫ్ఆర్ అనేది కణానికి "పెరుగు" అని చెప్పే స్విచ్ లాంటిది. దానిలో మార్పు వస్తే ఆ స్విచ్ ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అది ఉన్నవాళ్ళకు జెఫిటినిబ్ గోలీ బాగా పని చేస్తుందని 2004లో అమెరికాలో కనిపెట్టారు. ఆసియా దేశాల్లో జరిగిన ఐపాస్ అనే పెద్ద పరిశోధన 2009లో అచ్చయింది. ఈ మార్పు ఉన్నవాళ్ళకు కీమో కంటే గోలీ మేలు, లేనివాళ్ళకు గోలీ కంటే కీమోయే మేలు అని అందులో తేలింది. అంటే పరీక్ష లేకుండా ఏది ఇచ్చినా చీకట్లో రాయి విసిరినట్టే. మన దేశంలో ఎడినోకార్సినోమా వచ్చినవాళ్ళలో సుమారు నాలుగో వంతు మందికి ఈ మార్పు ఉంటుంది. పొగతాగని ఆడవాళ్ళలో ఇంకా ఎక్కువ. మీ అమ్మగారిది సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. ఏఎల్‌కే, రాస్1 అనే ఇంకో రెండు మార్పులకు కూడా గోలీలు ఉన్నాయి, అవీ చూస్తున్నారో లేదో అడగండి.

తొందరపడొద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఇప్పుడు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు పంపే వైద్యం) పేరు అందరి నోటా వినిపిస్తోంది. అది కొందరికి నిజంగా గొప్ప మందు. పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ క్యాన్సర్ కణాల్లో 50 శాతం, ఆపైన వాటి మీద ఉండి, ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే మార్పులు లేని రోగుల మీద చేసిన ఒక పరిశోధనలో, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తీసుకున్నవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత దాదాపు 32 శాతం మంది బతికి ఉన్నారు. కీమోతో మొదలుపెట్టినవాళ్ళలో 16 శాతం. కానీ ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవాళ్ళకు అది పెద్దగా పని చేయదు. పైగా అది ఎక్కించిన కొద్దికాలానికే ఈజీఎఫ్ఆర్ మార్పుకు ఇచ్చే కొత్త గోలీ ఒసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం ఎక్కువ. కాబట్టి రిపోర్ట్ రాకముందు ఇమ్యునోథెరపీకి ఒప్పుకోకండి. అమ్మగారికి ఆయాసం బాగా పెరిగి ఆగలేని పరిస్థితి వస్తే, ఇమ్యునో లేకుండా ఒక్క సైకిల్ (ఒక విడత) కీమో ఇచ్చి, రిపోర్ట్ రాగానే గోలీకి మారే పద్ధతి ఉంది. ఈ మధ్యదారి గురించి మీ డాక్టర్‌ను నేరుగా అడగండి. రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీ కూడా త్వరగా వస్తుంది. అందులో మార్పు కనబడితే నమ్మవచ్చు. కనబడకపోతే మాత్రం లేదని కాదు, ముక్క రిపోర్ట్ కోసం చూడాల్సిందే.

మార్పు ఉందని తేలితే అసలు చర్చ అప్పుడు మొదలవుతుంది, ఎందుకంటే డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. ఒసిమెర్టినిబ్‌ను జెఫిటినిబ్ లాంటి పాత గోలీలతో పోల్చిన పరిశోధనలో జబ్బు అదుపులో ఉన్న కాలం సగటున 18.9 నెలలు, పాతవాటితో 10.2 నెలలు. మెదడుకు పాకిన జబ్బు మీద కూడా అది బాగా పని చేస్తుంది. ఇటు ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లు చవకైన జెఫిటినిబ్‌కు కీమో జతచేసి చూశారు. 2020లో అచ్చయిన ఆ ఫలితాల్లో అదుపు కాలం 16 నెలలు, గోలీ ఒక్కటే అయితే 8 నెలలు. కానీ తీవ్రమైన దుష్ప్రభావాలు 25 శాతం మంది నుంచి 51 శాతానికి పెరిగాయి. 2023లో ఒసిమెర్టినిబ్‌కు కీమో జతచేస్తే 25.5 నెలలు వచ్చింది. ఇవన్నీ వేర్వేరు పరిశోధనలు, వేర్వేరు రోగులు కాబట్టి అంకెలు పక్కపక్కన పెట్టి తేల్చుకోలేం. నాకు అర్థమైనంతలో, మెదడులో మచ్చలు ఉంటే ఒసిమెర్టినిబ్ కోసం ఎంత దూరమైనా వెళ్ళాలి. మనిషి గట్టిగా ఉండి, చేతిలో డబ్బు లేకపోతే, టాటా వాళ్ళు చూపించిన దారి మనలాంటివాళ్ళ కోసమే వేసినట్టుంది. మా అమ్మ అప్పటికి 38 కిలోలే. కీమో తట్టుకోలేదని డాక్టర్ గారు ఒట్టి జెఫిటినిబ్ ఇచ్చారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జెఫిటినిబ్ జనరిక్ నెలకు కొన్ని వేలల్లో అయిపోయేది. మేము వాడింది నాట్కో అనే మందుల కంపెనీ వాళ్ళది. ఒకప్పుడు మీ పాలమూరు జిల్లాలోనే ఉన్న కొత్తూరులో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. ఒసిమెర్టినిబ్ లెక్క లక్షల్లో ఉండేది. 2024 జులై బడ్జెట్‌లో దాని మీద కస్టమ్స్ సుంకం పూర్తిగా తీసేశారు. కంపెనీ సహాయ పథకం ఉందేమో మీ డాక్టర్ దగ్గరే అడగండి, మాకు అలాగే దొరికింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. పొలం అమ్మకానికి పెట్టే ముందు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి ఒకసారి వెళ్ళండి.

గోలీ మొదలైన మూడో వారానికి అమ్మ దగ్గు సగం తగ్గింది. రెండో నెలలో ఆమే లేచి వాకిలి ఊడ్చింది. కానీ గోలీ అంటే ఏ బాధా ఉండదనుకోకండి. ముక్కు మీద, గదవ మీద మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయి. విరేచనాలు అయ్యాయి. అన్నిటికంటే ఎక్కువగా బాధించింది గోళ్ళ పక్కన పుండ్లు. ఎల్లిగడ్డ పొట్టు తీయలేక, ఆ రెబ్బలను పళ్ళెంలోకి తోసి "నువ్వే తియ్యి" అనేది. పొక్కులకు ఎండలో తిరగకుండా చూసుకోవాలి, క్రీములు ఉన్నాయి, విరేచనాలకు మందు ముందే ఇంట్లో ఉంచుకోవాలి. ఉన్నట్టుండి ఆయాసం పెరిగితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, గోలీ వల్ల ఊపిరితిత్తి వాచినా అట్లాగే ఉంటుంది.

14 నెలలకు జబ్బు మళ్ళీ కదిలింది. రక్తపరీక్షలో టీ790ఎం అనే కొత్త మార్పు కనబడింది. పాత గోలీలు పనిచేయడం మానేసినవాళ్ళలో సుమారు సగం మందిలో ఇదే కారణం. అప్పుడు ఒసిమెర్టినిబ్‌కు మారాం. 2025 వేసవి స్కాన్‌లో మళ్ళీ కొత్త మచ్చలు వచ్చాయి, ఇప్పుడు కీమో నడుస్తోంది. పూర్తిగా నయం అవుతుందని మాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఈ మూడేళ్ళలో అమ్మ మనవరాలి ఓణీల ఫంక్షన్ చూసింది, బోనాలకు ఊరికి వెళ్ళింది.

ముక్క తీస్తే పాకుతుందన్న మాట మా మేనమామ కూడా అన్నాడు. సూది వెళ్ళిన దారిలో కణాలు పడటం అత్యంత అరుదు. అసలు ప్రమాదం వేరే: సూది వల్ల ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. అందుకే తీశాక కొన్ని గంటలు పడుకోబెట్టి ఎక్స్‌రే తీస్తారు. మీ అమ్మగారికి ముక్క తీసేనాటికే నీరు చేరింది కదా, పాకడం అంతకుముందే జరిగింది. ఈ విషయంలో మీరు ఏ తప్పూ చేయలేదు.

నాన్నగారి స్కాన్ సంగతి అంత తేలిక కాదు. 2011లో అమెరికాలో 53 వేల మంది మీద జరిగిన పరిశోధనలో, ఎక్కువగా పొగతాగే 55 నుంచి 74 ఏళ్ళవాళ్ళకు ఏటా తక్కువ మోతాదు సీటీ తీస్తే ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. కానీ అనుమానం అని వచ్చినవాటిలో 96 శాతం క్యాన్సర్ కానివే. మన దగ్గర పాత టీబీ మచ్చలు చాలామందికి ఉంటాయి కాబట్టి ఆ గందరగోళం ఇంకా పెరుగుతుందని ఇక్కడి డాక్టర్లు వెనకాడతారు. నాన్నగారు 30 ఏళ్ళుగా రోజుకో కట్ట తాగుతుంటే ఒక ఛాతీ డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి, మీ అంతట మీరు సెంటర్‌కు వెళ్ళి తీయించకండి. మామూలు ఎక్స్‌రే ఈ పనికి ఉపయోగపడదు. బీడీ మాన్పించడం మాత్రం ఈ రోజే మొదలుపెట్టండి. మీకూ వస్తుందేమోనన్న భయం కూడా మీ రాతలో కనబడింది. ఈజీఎఫ్ఆర్ మార్పు సాధారణంగా పుట్టుకతో వచ్చేది కాదు, పిల్లలకు అందేది కాదు. పొగతాగని మనిషికి ఎందుకు వచ్చిందని నేనూ చాలా రాత్రులు ఆలోచించాను. మా అమ్మ నలభై ఏళ్ళు పత్తికట్టె పొయ్యి ముందు కూర్చుంది. కట్టెల పొగను క్యాన్సర్ కారకం అయి ఉండవచ్చన్న జాబితాలో పెట్టారు. ఆమెకు దానివల్లే వచ్చిందని మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేరు.

ఒక విషయం మేము ఆలస్యంగా చేశాం, మీరు ముందే చేయండి. నొప్పి, ఆయాసం, నిద్ర చూసుకునే పాలియేటివ్ డాక్టర్‌ను మొదటి నెలలోనే కలవండి. అది చివరి రోజులకు మాత్రమే అని మేము భయపడి వెళ్ళలేదు. 2010లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఇదే జబ్బు ఉన్నవాళ్ళకు మొదటి నుంచే ఆ సేవ ఇస్తే బాధ తగ్గడమే కాదు, 8.9 నెలలకు బదులు 11.6 నెలలు బతికారు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది.

ఇప్పుడు రిపోర్ట్ వచ్చేలోగా మీరు చేయాల్సింది ఒక్కటే మిగిలింది. రేపు పొద్దున ల్యాబ్‌కు ఫోన్ చేసి "పంపిన ముక్క పరీక్షకు సరిపోయిందా?" అని అడగండి. సరిపోలేదంటే ఆ మాట పదకొండో రోజు కాకుండా రేపే తెలుస్తుంది.