టెక్ సందేహాలు: విడి స్పీకర్ కొనేముందు డేటాషీట్ అడగండి

ఈసారి సొంతంగా స్పీకర్ బాక్సులు తయారు చేసుకునేవాళ్ల ప్రశ్నలే తీసుకున్నాను. కోను, కాయిల్, మాగ్నెట్ ఉండి బాక్సు లేని విడి స్పీకర్‌ని డ్రైవర్ అంటారు. జవాబుల్లో ఆ మాటే వాడాను. కింది శబ్దాలు పలికే డ్రైవర్ ఊఫర్, పైవి పలికేది ట్వీటర్, రెండూ ఒక్కటే పలికేది ఫుల్ రేంజ్.

నా దగ్గర టీపీఏ3116 ఆంప్లిఫయర్ బోర్డు, 12 వోల్టుల అడాప్టర్ ఉన్నాయి. రెండు డ్రైవర్లకు కలిపి 2,500 రూపాయలు పెట్టగలను. షాపులో 8 ఓమ్‌ల 6.5 అంగుళాల ఊఫర్ చూపించారు. మాగ్నెట్ చాలా పెద్దది, 200 వాట్లని రాసి ఉంది. ఆన్‌లైన్‌లో అదే ధరకు 8 ఓమ్‌ల 4 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్ దొరుకుతోంది కానీ అది 20 వాట్లే. మా గది 10 అడుగులు, 12 అడుగులు. ఏది తీసుకోమంటారు? – ఖమ్మం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

4 అంగుళాలదే తీసుకోండి. దానికి డేటాషీట్, అంటే డ్రైవర్ కొలతలన్నీ కంపెనీ రాసి ఇచ్చే కాగితం, ఉందా లేదా అన్నది మాత్రం ముందు చూసుకోండి. లేకపోతే అదీ వద్దు.

మొదట ఆ 200 వాట్ల సంగతి. మీ అడాప్టర్ 12 వోల్టులది. ఆ వోల్టేజీతో 8 ఓమ్‌ల డ్రైవర్‌కి శబ్దం చీలకుండా వెళ్లగలిగింది, లెక్క ప్రకారం, ఒక్కో చానల్‌కి 9 వాట్లు. నిజంగా వచ్చేది ఇంకాస్త తక్కువే. 4 ఓమ్‌లైతే 18 వాట్ల దాకా లెక్క వస్తుంది. కాబట్టి 20 వాట్ల డ్రైవర్ మీకు సరిపోతుంది. డ్రైవర్ మీద వేసే వాట్లు కాయిల్ ఎంత వేడిని తట్టుకుంటుందో చెప్పే అంకె. ఎంత గట్టిగా మోగుతుందో దాంట్లో తెలియదు.

అది తెలిసేది సెన్సిటివిటీలో. ఒక వాట్ ఇచ్చి ఒక మీటర్ దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వచ్చిందన్నదే సెన్సిటివిటీ. 3 డెసిబెల్స్ తేడా అంటే పవర్ రెట్టింపు కావాలని అర్థం. 86 డెసిబెల్స్ డ్రైవర్‌కి 10 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం 89 డెసిబెల్స్ డ్రైవర్‌కి 5 వాట్లకే వస్తుంది. చిన్న ఆంప్లిఫయర్ ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది ఇది. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా కంపెనీలు ఒక వాట్‌కి బదులు 2.83 వోల్టులు ఇచ్చి కొలుస్తాయి. 8 ఓమ్‌ల డ్రైవర్‌కి అది సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్‌ల డ్రైవర్‌కి రెండు వాట్లు. అందుకే 4 ఓమ్‌ల డ్రైవర్ల అంకె 3 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు ఆ 3 తీసేసి చూడండి.

ఇక డేటాషీట్ కోసం ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. 1961లో నెవిల్ థీల్ అనే ఆస్ట్రేలియా ఇంజినీరు, ఆ తర్వాత 1970ల్లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రిచర్డ్ స్మాల్, డ్రైవర్ కొలతల నుంచి బాక్సు సైజును లెక్కగట్టే పద్ధతిని స్థిరపరిచారు. ఇప్పటికీ అందరం వాడేది అదే. బాక్సు చేయడానికి ముఖ్యంగా మూడు అంకెలు కావాలి. డ్రైవర్ దానంతట అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ ఎఫ్ఎస్. ఆ ఊగడం ఎంత త్వరగా అదుపులోకి వస్తుందో చెప్పేది క్యూటీఎస్. కోనుని పట్టి ఉంచే సాగే భాగాలకి, అంటే సస్పెన్షన్‌కి, ఉన్న మెత్తదనం ఎన్ని లీటర్ల గాలికి సమానమో చెప్పేది వీఏఎస్.

మూసేసిన బాక్సు లెక్క సులువు. 0.707ను క్యూటీఎస్‌తో భాగించి, వచ్చిందాన్ని దాంతోనే గుణించి, అందులోంచి 1 తీసేయండి. వీఏఎస్‌ను ఆ అంకెతో భాగిస్తే బాక్సు లోపల ఎన్ని లీటర్ల గాలి ఉండాలో వస్తుంది. ఉదాహరణకి ఎఫ్ఎస్ 80 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.5, వీఏఎస్ 5 లీటర్లు ఉన్న డ్రైవర్ అనుకోండి. లెక్క కడితే సరిగ్గా 5 లీటర్ల బాక్సు వస్తుంది. బాస్ 113 హెర్ట్జ్ దగ్గర తగ్గడం మొదలవుతుంది. లోపలి కొలతలు 14, 17, 22 సెంటీమీటర్లు పెడితే 5.2 లీటర్లు. డ్రైవర్ వెనక భాగం ఆక్రమించే చోటు పోగా 5 మిగులుతుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు. మూలలన్నీ ఫెవికాల్‌తో గాలి పోకుండా మూయండి. విన్ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ మూడు అంకెలు ఎక్కిస్తే గ్రాఫ్ కూడా గీసి చూపిస్తుంది.

డేటాషీట్ లేని ఆ 6.5 అంగుళాల ఊఫర్‌కి ఈ లెక్కేదీ చేయలేరు. 5 లీటర్లు కావాలో 25 కావాలో తెలియకుండానే ప్లైవుడ్ కోయాలి. మాగ్నెట్ పెద్దదైనంత మాత్రాన మంచి డ్రైవర్ కాదు. మాగ్నెట్ బలం, కోను బరువు, సస్పెన్షన్ మెత్తదనం ఒకదానికొకటి కుదిరితేనే బాస్ బాగుంటుంది. పైగా ఊఫర్ ఒక్కదానితో పని అవదు. జతకి ట్వీటర్ కావాలి, కింది శబ్దాలను ఊఫర్‌కి, పైవాటిని ట్వీటర్‌కి పంచే క్రాసోవర్ మధ్యలో కావాలి. మీ 2,500లో సగం అక్కడికే పోతుంది.

113 హెర్ట్జ్ అంటే నిరాశపడకండి. మగవాళ్ల మాట్లాడే గొంతు దాదాపు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య మొదలవుతుంది. ఘంటసాల పాటలు, వేణువు, వీణ మీ చిన్న గదిలో ఎంతో స్పష్టంగా వినిపిస్తాయి. మాట స్పష్టతలో మంచి ఫుల్ రేంజ్ డ్రైవర్‌కి ఈ ధరలో పోటీ లేదని నా గట్టి నమ్మకం. లోటల్లా అడుగు బాస్‌లో. మామూలు బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్. అదే శబ్దస్థాయిలో ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే కోను నాలుగు రెట్లు ఎక్కువ కదలాలి. 4 అంగుళాల కోను అంత దూరం కదలలేదు. ఇప్పటి మాస్ బీట్ కావాలంటే తర్వాత డబ్బులు సమకూరినప్పుడు ఒక సబ్‌ఊఫర్ చేర్చుకోండి.

చివరగా ఇంకొకటి. మీ బాక్సు ముందు పలక వెడల్పు సుమారు 16.4 సెంటీమీటర్లు అవుతుంది. అంత సన్నటి పలక ఉంటే 700 హెర్ట్జ్ ప్రాంతం నుంచి కిందికి శబ్దం బాక్సు వెనక్కి కూడా వ్యాపించి, ముందు వినేవాళ్లకి కిందిభాగం పలచగా అనిపిస్తుంది. స్పీకర్లను గోడకి దగ్గరగా పెట్టి, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఈక్వలైజర్‌తో 1,000 హెర్ట్జ్ పైభాగాన్ని 3 డెసిబెల్స్ తగ్గించండి. పైసా ఖర్చు లేకుండా ఎక్కువ తేడా కనిపించే పని ఇదే.

పాత కారులోంచి తీసిన 6 అంగుళాల స్పీకర్లు నాలుగున్నాయి. రెండేసి చొప్పున చిన్న బాక్సుల్లో బిగించి టీవీకి పెట్టుకోవచ్చా? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

పెట్టుకోవచ్చు కానీ చిన్న బాక్సుల్లో వద్దు. కారు తలుపు లోపలి ఖాళీని దృష్టిలో పెట్టుకుని చేసిన డ్రైవర్లలో క్యూటీఎస్ సాధారణంగా ఎక్కువ ఉంటుంది. అది 0.707 దాటితే మూసేసిన బాక్సు ఎంత పెద్దది చేసినా పై లెక్క కుదరదు. చిన్న బాక్సులో పెడితే ఒకే స్వరం గుమ్ గుమ్ అంటూ మోగుతుంది. వాటికి వెనక బాక్సే లేని వెడల్పాటి పలక, అంటే ఓపెన్ బాఫిల్, బాగా నప్పుతుంది. చోటు లేకపోతే వీలైనంత పెద్ద బాక్సు చేసి లోపల దూది లాంటి పాలిఫిల్ నింపండి.

కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓమ్‌లవి. రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లవుతుంది, ఇంట్లో వాడే చాలా ఆంప్లిఫయర్లు దాన్ని తట్టుకోలేవు. సిరీస్‌లో కలిపితే 8 ఓమ్‌లు, టెన్షన్ లేదు. కోను చుట్టూ ఉన్న అంచు ఫోమ్‌దైతే వేలితో మెల్లగా తాకి చూడండి. సముద్రపు గాలి, తేమ ఉన్నచోట ఫోమ్ కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచైతే ఎక్కువకాలం ఉంటుంది. మీ ఊళ్లో కొత్తవి కొన్నా రబ్బరు అంచువే కొనమంటాను.

ట్వీటర్‌కి షాపువాళ్లు 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేసి ఇచ్చారు. శబ్దం మధ్యలో ఏదో తగ్గినట్టుంది. 10 వేస్తే మాటిమాటికీ ట్వీటర్ కాలిపోతోంది. – కరీంనగర్ నుంచి ఒక సౌండ్ మెకానిక్

8 ఓమ్‌ల ట్వీటర్‌కి 2.2 వేస్తే అది సుమారు 9,000 హెర్ట్జ్ దగ్గర అందుకుంటుంది. మీ ఊఫర్ అక్కడిదాకా శుభ్రంగా పలకలేదు, అందుకే మధ్యలో ఆ ఖాళీ. 10 వేస్తే 2,000 హెర్ట్జ్ దాకా దిగుతుంది. అక్కడి శక్తిని చవక ట్వీటర్ కాయిల్ మోయలేదు. 4.7 వేస్తే సుమారు 4,200, 6.8 వేస్తే సుమారు 2,900 హెర్ట్జ్ వస్తాయి. ఒక్క కెపాసిటర్‌తోనే నడపాలంటే 4.7 దగ్గర ఆగండి. ఇంకా కిందికి రావాలంటే ట్వీటర్‌కి అడ్డంగా ఒక కాయిల్ కూడా చేర్చి రెండో ఆర్డర్ క్రాసోవర్ చేయాలి. ట్వీటర్ ఎఫ్ఎస్‌కి కనీసం రెట్టింపు ఫ్రీక్వెన్సీ నుంచి దాన్ని మొదలుపెట్టడం క్షేమం. 1,500 హెర్ట్జ్ ఎఫ్ఎస్ ఉంటే 3,000కి పైన అన్నమాట. కెపాసిటర్ ప్లస్, మైనస్ తేడా లేని నాన్‌పోలార్‌దే వాడండి. పవర్ సప్లైలో వేసే మామూలు ఎలక్ట్రోలిటిక్ ఇక్కడ పనికిరాదు.

కోఠీ గుజరాతీ గల్లీలో పేరులేని డ్రైవర్లు చవగ్గా దొరికాయి. డేటాషీట్ ఎలాగూ లేదు. సొంతంగా పరీక్షించుకునే దారుందా? – హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

ఉంది, కష్టం కూడా కాదు. షాపులోనే రెండు పనులు చేయండి. రెండు చేతుల వేళ్లతో కోనుని చుట్టూ సమానంగా లోపలికి నొక్కి వదలండి. లోపల గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకుంటోంది, వదిలేయండి. మల్టీమీటర్‌తో కొలిస్తే 8 ఓమ్‌ల డ్రైవర్ సుమారు 5.5 నుంచి 7, 4 ఓమ్‌లది 3 నుంచి 4 మధ్య చూపించాలి. జతలో రెండూ దాదాపు ఒకేలా ఉండాలి.

ఇంటికొచ్చాక డ్రైవర్‌తో సిరీస్‌లో 1,000 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి ఆంప్లిఫయర్‌కి తగిలించండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచుతూ డ్రైవర్ కాళ్ల దగ్గర ఏసీ మిల్లీవోల్టులు చూడండి. ఎక్కడ అత్యధికంగా వస్తే అదే ఎఫ్ఎస్. కంప్యూటర్, సౌండ్ కార్డు ఉంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొత్తం ఇంపీడెన్స్ గ్రాఫ్ గీస్తుంది. క్యూటీఎస్ కూడా అదే లెక్కేస్తుంది. కోను మీద తెలిసిన బరువు అంటించి మళ్లీ కొలిస్తే వీఏఎస్ కూడా వస్తుంది. అలా కొలిచి చూసిన పేరులేని డ్రైవర్‌ని ధైర్యంగా వాడుకోవచ్చు.

మా అమ్మాయి ఒహాయోలో ఉంటోంది. వచ్చేటప్పుడు డేటన్ ఆడియో డ్రైవర్లు తెస్తానంటోంది. తెప్పించుకోవచ్చా? – గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్

తప్పకుండా. చిన్న డ్రైవర్లకు కూడా పారామీటర్లన్నీ బయటపెట్టే కంపెనీల్లో అదొకటి. 3, 4 అంగుళాలవి తేలిక, బట్టల మధ్య పెట్టి తేవచ్చు. పెద్ద ఊఫర్ల మాగ్నెట్లు లగేజీ బరువంతా మింగేస్తాయి, అవి అడగకండి. అక్కడి కరెంటుకీ మన కరెంటుకీ ఉన్న తేడాతో డ్రైవర్లకు సంబంధం లేదు. బాక్సుకే బిగించే ప్లేట్ ఆంప్లిఫయర్ కూడా తెమ్మంటే మాత్రం దాని మీద 230 వోల్టులకు పనిచేస్తుందని రాసి ఉందో లేదో ఫొటో తీసి పంపమనండి.