గువ్వను పావురం అనవచ్చా?

సందేహం: మా పెరట్లో నేల మీద గింజలు ఏరుకునే గోధుమరంగు పిట్టను మా అమ్మమ్మ గువ్వ అంటుంది. మా అబ్బాయి పుస్తకంలో అదే పిట్ట బొమ్మ కింద 'మచ్చల పావురం' అని ఉంది. ఏది సరైన మాట?

సమాధానం: గువ్వ అనే రాయండి. మీ అమ్మమ్మగారి మాట నిక్కం.

గువ్వ, పావురం ఒకే కుటుంబపు పక్షులు. అందుకని పుస్తకంవాళ్లది ఘోరమైన తప్పేమీ కాదు. కానీ మనవాళ్లు వాటిని ముందునుంచీ విడివిడిగానే పిలిచారు. గుడి గోపురాల్లో, పాడుబడ్డ బావుల్లో, ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో ఏసీ పెట్టెల వెనక గుంపులుగా చేరేది పావురం. ఒళ్లు బూడిదరంగు, రెక్క మీద రెండు నల్లచారలు. గువ్వ దానికంటే సన్నం, తోక పొడుగు. ఎక్కువగా జంటగా తిరుగుతుంది, చెట్ల మీదా పొదల్లోనూ గూడు కడుతుంది. ఇంత తేడా చెప్పే మాట చేతిలో ఉండగా అన్నిటినీ పావురంలో కలిపేస్తే నష్టం భాషకే.

మీ పెరటి పిట్ట ఏ గువ్వో తేల్చుకోవాలంటే మెడ వెనక భాగం చూడండి. నల్లటి పట్టీ మీద ముత్యాలు చల్లినట్టు తెల్లచుక్కలుంటే అది పొడగువ్వ. పొడ అంటే మచ్చ. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1860లలో అచ్చువేసిన పక్షుల గ్రంథంలో దీనికి 'పొడ బెల్ల గువ్వ' అని తెలుగు పేరు ఇచ్చాడు. అంత చక్కటి పేరుండగా 'మచ్చల పావురం' కొత్తగా కల్పించడం ఎందుకు?

మెడ వెనక పట్టీ లేకుండా, గొంతు కింద ఎర్రటి ఛాయలో నల్లచుక్కలు కనిపిస్తే అది చిన్నగువ్వ, జెర్డన్ రాసిన 'చిట్టి బెల్ల గువ్వ'. పొడగువ్వ సుమారు 30 సెంటీమీటర్లు, ఇది కాస్త పొట్టి. ఒళ్లంతా పాలిపోయిన రంగులో ఉండి, మెడ వెనక సన్నటి నల్లగీత ఒక్కటే ఉంటే అది మరో జాతి.

తొందరపడి దగ్గరికి వెళ్లకండి. పొడగువ్వ బెదిరితే రెక్కలు టపటపలాడిస్తూ నిట్టనిలువుగా లేచిపోతుంది. అప్పుడు తోక చివర తెల్లటి అంచులు స్పష్టంగా కనబడతాయి, ఇది కూడా మంచి గుర్తే. గూడు మాత్రం నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చినట్టుంటుంది, కింద నిలబడి చూస్తే సందుల్లోంచి రెండు తెల్లగుడ్లు కనిపించవచ్చు. గుడ్లున్నప్పుడు కొమ్మ వంచి ఫొటోలు తీయవద్దని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి.

మరో మాట. అన్యోన్యంగా ఉండే దంపతుల్ని 'గువ్వాగోరింకల్లా ఉన్నారు' అంటాం కదా, గోరింక గువ్వకు జోడు కాదు, అది వేరే పక్షి. అయినా నానుడిని దిద్దనక్కరలేదు. అలాగే శిబి చక్రవర్తి కథలోని కపోతాన్ని తెలుగులో పావురం అనడం స్థిరపడిపోయింది, అక్కడ గువ్వ పెట్టాల్సిన పనిలేదు. పెరట్లోని పిట్టకు పేరు రాసేటప్పుడు మాత్రం గువ్వే.